ఫైలు ఒకటే, సిస్టమ్‌లు మూడు: పైథాన్ లైబ్రరీ ఎంతవరకు కలపగలిగింది?

రమ, రాధ, కమల, రాము, లక్ష్మి. ఈ పేర్లను విండోస్ నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి సేవ్ చేయండి. 2019 నుంచి నోట్‌ప్యాడ్ వాటిని యూటీఎఫ్-8లోనే దాస్తోంది, మనల్ని ఏమీ అడగదు. అదే కంప్యూటర్లో పైథాన్ 3.14 తెరిచి, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకుండా మామూలు ఓపెన్ ఫంక్షన్‌తో ఆ ఫైలు చదవమనండి. ఫైల్లో మొదటి మూడు పేర్లే ఉంటే ప్రోగ్రాం కిమ్మనకుండా చదివేస్తుంది. తెర మీద మాత్రం తెలుగు ఉండదు. ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి చొప్పున యూరప్ అక్షరాలు, చిహ్నాలు బారులు తీరి ఉంటాయి. రాము గాని లక్ష్మి గాని ఉంటే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి అక్కడికక్కడే ఆగిపోతుంది.

తేడా అంతా గుణింతంలో ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. కొమ్ముకు మూడో బైట్ 129, పొల్లుకు 141. మన దగ్గర ఇంగ్లిష్ సెట్టింగులతో నడిచే విండోస్‌లో డిఫాల్ట్‌గా ఉండేది పశ్చిమ యూరప్ కోసం చేసిన పాత కోడ్ పేజీ 1252. అందులో ఆ రెండు స్థానాలూ ఖాళీ. ఒత్తు రాయాలంటే లోపల పొల్లు ఉండి తీరాలి కాబట్టి, ఒత్తు గాని కొమ్ము గాని ఉన్న ఏ తెలుగు మాట దగ్గరైనా పైథాన్ ఆగిపోతుంది. అవి లేని మాటలే చాలావరకు ఎక్కువ ప్రమాదం. చెడిపోయాయని ఎవరికీ తెలియకుండానే డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. ఇదే ప్రోగ్రాం లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది.

ఒకసారి రాసిన ప్రోగ్రాం ఎక్కడైనా నడవాలి అన్నది ప్రోగ్రామింగ్ భాషల పాత వాగ్దానం. ఆ వాగ్దానాన్ని నిలబెట్టే భారం భాషతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీది. ఫైళ్ల విషయంలో ఆ భారాన్ని అది ఎంతవరకు మోసింది? పైథాన్‌ను కేంద్రంగా పెట్టుకుని, జావా, గో, రస్ట్ భాషలను అక్కడక్కడా పక్కన నిలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తేడాలు రెండు జాతులు. కొన్ని రాసే పద్ధతిలో తేడాలు: ఫోల్డర్ల మధ్య గీత ఎటు వాలాలి, వరుస చివర ఏ గుర్తు పెట్టాలి, అక్షరాలను ఏ బైట్లుగా మార్చాలి. ఇవి లైబ్రరీ కడుపులో దాచుకోవాల్సినవి. మిగతావి ప్రవర్తనలో తేడాలు: పేరు మార్చినప్పుడు, తెరిచి ఉన్న ఫైలును తీసేసినప్పుడు, తాళం వేసినప్పుడు ఏం జరుగుతుంది అనేవి. వీటిని దాచకూడదు, పేరు పెట్టి బయటికి చెప్పాలి. పైథాన్ మొదటి పనిని ఆలస్యంగానైనా చేసింది. రెండోదాన్ని సగంలో వదిలింది.

ఈ తేడాలు ఎవరో పంతానికి పోయి తెచ్చినవి కావు. యూనిక్స్‌కు ఫైలు పేరంటే కొన్ని బైట్లు, అంతే. ముందుకు వాలిన గీత, సున్నా బైట్ తప్ప ఏదైనా ఉండొచ్చు. 1983లో ఎంఎస్-డాస్ 2.0కు ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గీతను కమాండ్ల ఆప్షన్ల కోసం అప్పటికే వాడేశారు. అందుకే విండోస్‌లో గీత వెనక్కి వాలింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ పేర్లను 16 బిట్ల యూనికోడ్‌లో దాచింది. ఆపిల్ 1998 నాటి తన ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లో యూనికోడ్ అక్షరాలను ముక్కలుగా విడదీసి దాచే దారి పట్టింది. పైథాన్ తొలిసారి బయటికొచ్చింది 1991లో. యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది ఆ ఏడాదే. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను తయారుచేసింది ఆ మరుసటి ఏడాది. అంటే భాష పుట్టేనాటికి తెలుగును ఫైల్లో ఎలా దాచాలనే ప్రశ్నకు లోకంలో ఒప్పుకున్న జవాబంటూ లేదు.

2008 డిసెంబరులో పైథాన్ 3.0 వచ్చే నాటికి మాత్రం జవాబు ఉంది. భాష లోపలి స్ట్రింగులన్నీ యూనికోడ్ అయ్యాయి. ఫైలు తెరిచేటప్పటి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ను మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగుకే వదిలేశారు. పాత ప్రోగ్రాంలు వాడే ఫైళ్లు చెడకూడదనే జాగ్రత్త అందులో ఉంది, కాదనను. కాని దాని ఖరీదు కట్టింది ఇంగ్లిష్‌లో రాసుకునేవాళ్లు కాదు. కోడ్ పేజీ ఏదైనా ఇంగ్లిష్ అక్షరాలు ఒకేలా ఉంటాయి, వాళ్ల ప్రోగ్రాంలో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. తెలుగు, తమిళం, హిందీ రాసేవాడికి మొదటి రోజే ఎదురవుతుంది. విండోస్‌లో తెలుగుకంటూ సిస్టమ్ కోడ్ పేజీ ఎన్నడూ లేదు, కాబట్టి సెట్టింగు మార్చుకుని బయటపడే దారి కూడా చాలాకాలం లేకపోయింది.

చదవడం కన్నా రాయడంలో నష్టం ఎక్కువ. రాసే మోడ్‌లో ఫైలును తెరవగానే అందులోని పాత విషయమంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత తెలుగు మాట రాయబోతే 1252లో అలాంటి అక్షరమే లేదని ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చేసరికే పాత ఫైలు ఖాళీ అయి ఉంటుంది. కొత్తది రాదు, పాతది ఉండదు.

దిద్దుబాటు మెట్టుమెట్టుగా వచ్చింది. 2018లో వచ్చిన 3.7లో యూటీఎఫ్-8 మోడ్ అని ఒక స్విచ్ పెట్టారు. 2021లో 3.10లో, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిచిన ప్రతిచోటా హెచ్చరించే సదుపాయం వచ్చింది, మనం కావాలని ఆన్ చేసుకుంటేనే. ఇనాడా నవోకి పట్టుపట్టి నడిపిన ప్రతిపాదనల ఫలితంగా 3.15 నుంచి అన్ని సిస్టమ్‌లలోనూ యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయమైంది. జావా ఈ పని 2022లో 18వ వెర్షన్‌తో ముగించింది. గో, రస్ట్ భాషలు తర్వాత పుట్టినందువల్ల ఈ బాధ పడలేదు. గోలో స్ట్రింగంటే మామూలుగా యూటీఎఫ్-8 బైట్లే. రస్ట్‌లో ఫైలును స్ట్రింగుగా చదవమంటే యూటీఎఫ్-8 కాని బైట్ కనబడగానే ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ నిర్ణయం సరైనదే, పదేళ్ల కిందటే జరగాల్సింది అని నా అభిప్రాయం.

వరుస చివరి గుర్తుల సంగతి ఇంతకన్నా నయం. విండోస్ రెండు బైట్లు, యూనిక్స్ ఒకటి, పాత మ్యాక్ ఇంకొకటి పెట్టేవి. పైథాన్ 2.3 నుంచే ఈ మూడింటినీ చదవగలిగింది. పైథాన్ 3లో అది మామూలు పద్ధతే అయింది. చిక్కు మిగిలింది సీఎస్‌వీ ఫైళ్ల దగ్గర. సీఎస్‌వీ మాడ్యూల్ తన వరుస గుర్తులను తనే రాసుకుంటుంది, ఓపెన్ ఫంక్షన్ దాని మీద మళ్లీ మార్పు చేస్తుంది. విండోస్‌లో ఎక్సెల్ తెరిస్తే వరుస వరుసకూ మధ్య ఒక ఖాళీ వరుస. న్యూలైన్ అనే ఆప్షన్‌కు ఖాళీ స్ట్రింగు ఇస్తే పోతుంది. ఆ ఫైల్లో తెలుగు కూడా ఉంటే ఎక్సెల్ దాన్ని గుర్తుపట్టేందుకు యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ అడగాలి. మండల కార్యాలయపు జాబితాల నుంచి బడి మార్కుల షీట్ల దాకా సీఎస్‌వీలు తయారుచేసేవారు ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలా చికాకు తప్పుతుంది.

ఫైలు లోపలి విషయం కన్నా ఫైలు పేరు మొండిది. లినక్స్‌లో పేరు బైట్లే కాబట్టి అది సరైన యూటీఎఫ్-8 కాకపోవచ్చు. పైథాన్ 3.0 అలాంటి పేర్లను ఫోల్డరు జాబితాలో చూపించకుండా వదిలేసేది. ఫైలు ఉంది, జాబితాలో లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాంకు ఇంతకు మించిన మోసం ఉండదు. 2009లో మార్టిన్ ఫాన్ లోవిస్ ఒక ఉపాయం కనిపెట్టాడు. అర్థంకాని బైట్‌ను యూనికోడ్‌లో మామూలుగా ఎవరూ వాడని ఒక స్థానానికి మార్చి స్ట్రింగులో దాచడం, పేరును తిరిగి సిస్టమ్‌కు ఇచ్చేటప్పుడు సరిగ్గా అదే బైట్‌గా వెనక్కి మార్చడం. పేరు చూడ్డానికి వింతగా ఉన్నా ఫైలు తెరుచుకుంటుంది, కాపీ అవుతుంది, పోదు. స్టాండర్డ్ లైబ్రరీ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిష్కారాల్లో ఇదొకటి. రస్ట్ ఇదే చిక్కుకు ఫైలు పేరును మామూలు స్ట్రింగు కాని వేరే రకంగా చేసి జవాబు చెప్పింది. అది పైథాన్ పద్ధతి కన్నా కచ్చితమైనది, రాసేవాడికి శ్రమ ఎక్కువ. విండోస్ వైపు కథ వేరు. బైట్ల రూపంలో ఫైలు పేర్లు అడిగితే తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చేవి. 2016లో 3.6 వెర్షన్‌తో అది పోయింది.

ఇప్పుడు తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఒక చిక్కు. 'హైదరాబాద్' అని ఫైలుకు పేరు పెట్టండి. మనం టైపు చేసినప్పుడు అందులో తొమ్మిది యూనికోడ్ గుర్తులు, 27 బైట్లు. కాని హకారం మీది ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది. ఒకే గుర్తుగా రాయొచ్చు. లేదంటే ఎత్వం, దాని కింద వచ్చే ఐత్వపు తోక అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అక్షరాలను విడదీసి దాచే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు మీద ఈ పేరు పది గుర్తులు, 30 బైట్లు అవుతుంది. కంటికి రెండూ ఒకటే. పైథాన్‌కు మాత్రం ఆ రెండు స్ట్రింగులూ సమానం కావు. ఆ డిస్కు నుంచి జిప్ చేసి తెచ్చి లినక్స్ సర్వర్ మీద విప్పితే, ప్రోగ్రాంలో రాసిన 'హైదరాబాద్' దొరకదు. పక్కనే మనం ఇంకొకటి సృష్టిస్తే ఒకేలా కనబడే రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్లో ఉంటాయి. 'వరంగల్'కూ 'విజయవాడ'కూ ఈ బాధ లేదు, 'మైదుకూరు'కూ 'మైలవరం'కూ ఉంది. 2017లో వచ్చిన ఆపిల్ కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్ఎస్ మనం ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచి, పోల్చేటప్పుడు రెంటినీ ఒకటిగా చూస్తోంది. దానితో మ్యాక్ మీద చిక్కు పోయింది, పాత డిస్కుల నుంచి వచ్చిన పేర్లలో మిగిలింది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్లో నార్మలైజ్ ఫంక్షన్ ఉంది. పోల్చే ముందు రెండు పేర్లనూ దాని చేత ఒకే రూపానికి తెప్పించాలి. లైబ్రరీ తనంతట తాను ఆ పని చేయదు, చేయకపోవడమే మంచిది. లినక్స్‌లో ఆ రెండు పేర్లూ నిజంగానే రెండు వేర్వేరు ఫైళ్లవి కావచ్చు మరి.

పొడవులోనూ తేడా ఉంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైలు పేరు 255 యూనిట్ల దాకా ఉండొచ్చు, తెలుగు గుర్తు ఒక్కోటి ఒక్క యూనిట్. లినక్స్ ఎక్స్‌ట్4లో హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 గుర్తులు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే ఆరు గుర్తులు, 18 బైట్లు. కథ పేరు, రచయిత పేరు, పత్రిక, తేదీ అన్నీ ఫైలు పేరులోనే పెట్టుకునే అలవాటున్నవారి సేకరణలు విండోస్ నుంచి లినక్స్ సర్వర్‌కు చేరేటప్పుడు పేరు మరీ పొడవుగా ఉందన్న ఎర్రర్‌తో ఆగేది ఇందుకే.

దారుల విషయంలో, అంటే ఫోల్డర్ల వరుసతో సహా ఫైలు చిరునామా రాసే విషయంలో, పైథాన్ సాధించింది చాలా ఉంది. మొదట్లో దారి అంటే ఉత్త స్ట్రింగు. 2014లో 3.4తో పాటు ఆంట్వాన్ పిత్రూ రాసిన పాథ్‌లిబ్ వచ్చాక అది ఒక వస్తువు అయింది. లినక్స్‌లో కూర్చుని కూడా విండోస్ దారిని సరిగా విడదీయొచ్చు, అందుకు వేరే తరగతి ఉంది. 3.6లో మిగతా లైబ్రరీ అంతా ఆ వస్తువును అంగీకరించేదాకా మాత్రం అది అలంకారంగానే మిగిలింది. అంతకుముందు అదే పిత్రూ ప్రతిపాదనతో 3.3లో ఎర్రర్లకు ఉమ్మడి పేర్లు వచ్చాయి. ఫైలు లేదు, అనుమతి లేదు, ఇప్పటికే ఉంది అని ఏ సిస్టమ్ చెప్పినా ప్రోగ్రాంకు ఒకే మాటగా వినిపిస్తుంది. ఎవరూ పెద్దగా పొగడని మార్పు ఇది, కాని రోజువారీ పనిలో దీని మేలు చాలా పెద్దది. బెన్ హాయ్ట్ తెచ్చిన స్కాన్‌డిర్ ఇంకో మంచి ఉదాహరణ. విండోస్ ఫోల్డరు జాబితా ఇచ్చేటప్పుడే ఫైళ్ల వివరాలూ ఇస్తుంది. పాత లైబ్రరీ వాటిని పారేసి ఒక్కో ఫైలుకు మళ్లీ అడిగేది. 2015లో 3.5తో అది మారి, ఫోల్డర్లన్నీ తిరిగొచ్చే పని విండోస్‌లో 7 నుంచి 20 రెట్లు, యూనిక్స్ వైపు 3 నుంచి 5 రెట్లు వేగమైంది.

పాథ్‌లిబ్‌లోనూ ఒక పునాది లోపం ఉంది. విండోస్ దారుల్లో పెద్ద చిన్న ఇంగ్లిష్ అక్షరాలు ఒకటే అనీ, మిగతావాటిలో వేరు అనీ అది అనుకుంటుంది. మ్యాక్ డిస్కులు మామూలుగా ఆ తేడా చూడవు, అయినా పాథ్‌లిబ్ లెక్కలో మ్యాక్ యూనిక్స్ జాబితాలోదే. విండోస్ 10లో ఫోల్డరు వారీగా ఆ తేడా పాటించే సెట్టింగు 2018లో వచ్చింది. లినక్స్ ఎక్స్‌ట్4లో ఫోల్డరు వారీగా ఆ తేడా పాటించకుండా ఉండే వీలు 2019లో వచ్చింది. లినక్స్‌కు పెన్‌డ్రైవ్ పెడితే దాని నియమాలు మళ్లీ వేరు. ఈ గుణం ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, ఫైల్ సిస్టమ్‌ది, ఒక్కోసారి ఫోల్డరుది. దారులను చూసి రెండూ ఒకే ఫైలా అని తేల్చలేం. సేమ్‌ఫైల్ అనే ఫంక్షన్‌తో డిస్కునే అడగాలి.

ఇక ప్రవర్తన. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఓఎస్ మాడ్యూల్లోని రీనేమ్ ఫంక్షన్‌నే చూడండి. కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే యూనిక్స్‌లో అది దాన్ని నిశ్శబ్దంగా తుడిచేస్తుంది, విండోస్‌లో ఎర్రర్ ఇస్తుంది. ఒకే పేరుకు రెండు అర్థాలు. అందులో ఒకటి డేటా పోగొట్టేది. 2012లో 3.3తో వచ్చిన రీప్లేస్ ఫంక్షన్ అన్నిచోట్లా పాతదాన్ని తీసేస్తానని పేరులోనే చెబుతుంది. నేను ముందు అన్న పేరు పెట్టి చెప్పడం అంటే ఇదే. జావాలోనూ ఈ ప్రయాణమే జరిగింది. పాత ఫైల్ తరగతిలో పేరు మార్చే పని విఫలమైతే కాదు అనే ఒక్క మాట తప్ప కారణం చెప్పేది కాదు. 2011లో జావా 7 కొత్త ఫైల్స్ తరగతి తెచ్చింది. ఒక్క దెబ్బలో జరగాలి అని కోరితే చేస్తుంది, చేయలేకపోతే ఆ కారణం పేరుతోనే ఎర్రర్ ఇస్తుంది. గో తన రీనేమ్ యూనిక్స్ కాని చోట ఒక్క దెబ్బలో జరుగుతుందన్న హామీ లేదని డాక్యుమెంట్లోనే రాసిపెట్టింది. నిజాయితీగా రాసిన ఆ ఒక్క వాక్యం, పనిచేస్తున్నట్టు నటించే పది ఫంక్షన్ల కన్నా మేలు.

తెరిచి ఉన్న ఫైలును యూనిక్స్ తీసేయనిస్తుంది. పేరు పోతుంది, చివరి ప్రోగ్రాం దాన్ని మూసేదాకా విషయం ఉంటుంది. విండోస్‌లో పైథాన్ తెరిచిన ఫైలును మూసేదాకా తీసేయలేం. తాత్కాలిక ఫైళ్ల టెంప్‌ఫైల్ మాడ్యూల్ దీనివల్ల ఏళ్ల తరబడి విండోస్‌లో ఇబ్బంది పెట్టింది. పేరున్న తాత్కాలిక ఫైలును ఒక ప్రోగ్రాం సృష్టించి ఇంకోదానికి ఇద్దామంటే రెండోసారి తెరుచుకునేది కాదు. 2023లో 3.12తో, మూయగానే తీసేయాలా వద్దా అని చెప్పే ఆప్షన్ వచ్చాకే మంచి దారి దొరికింది. ఫైలు వివరాల్లోని సీటైమ్ కూడా ఇలాంటిదే. యూనిక్స్‌లో అది ఫైలు వివరాలు చివరిసారి మారిన సమయం, విండోస్‌లో ఫైలు పుట్టిన సమయం. రెండు వేర్వేరు సంగతులకు ఒకే పెట్టె ఇచ్చినందుకు 3.12లో వెనక్కి తగ్గి, విండోస్‌లో దాని వాడకాన్ని వద్దని, పుట్టిన సమయానికి వేరే పేరు పెట్టారు.

తాళాల దగ్గర పైథాన్ చేతులెత్తేసింది. యూనిక్స్ కోసం ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్, విండోస్ కోసం ఎంఎస్‌వీసీఆర్‌టీ మాడ్యూల్. రెంటికీ ఉమ్మడి ముఖం లేదు. తేడా లోతైనది, నిజమే. యూనిక్స్ తాళాన్ని అడిగినవాళ్లే గౌరవిస్తారు, విండోస్ తాళం ఎవరినీ లోపలికి రానివ్వదు. అయినా జావా 2002లో 1.4 వెర్షన్‌తోనే, రస్ట్ 2025లో 1.89తో ఉమ్మడి తాళం ఇచ్చాయి, తేడాలను డాక్యుమెంట్లో రాసి మరీ ఇచ్చాయి. పైథాన్‌కూ అది సాధ్యమే.

నాకు అంతకన్నా పెద్ద లోటుగా అనిపించేది సురక్షితంగా ఫైలు రాసే ఫంక్షన్ లేకపోవడం. కరెంటు పోయినా పాత ఫైలో కొత్త ఫైలో ఏదో ఒకటి నిండుగా మిగలాలంటే ఇలా చేయాలి: అదే ఫోల్డర్లో తాత్కాలిక ఫైలు రాయాలి, బఫర్ ఖాళీ చేయాలి, డేటాను డిస్కు మీదికి దించే ఎఫ్‌సింక్ పిలవాలి, మూయాలి, అప్పుడు రీప్లేస్ చేయాలి. వేరే ఫోల్డర్లో రాస్తే అది వేరే డిస్కు కావచ్చు, అప్పుడు రీప్లేస్ విఫలమవుతుంది. లినక్స్‌లో ఫోల్డరుకూ ఎఫ్‌సింక్ కావాలి. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ పిలిచినా డేటా డిస్కు సొంత మెమరీలోనే ఆగిపోవచ్చు, దాన్ని నిజంగా దించడానికి వేరే ఆదేశం ఉంది. ముక్కలన్నీ లైబ్రరీలో ఉన్నాయి, కలిపి పెట్టిన ఫంక్షన్ లేదు. సెట్టింగుల ఫైలో లెక్కల ఫైలో దాచే ప్రతి ప్రోగ్రామరూ దీన్ని తనంతట తాను మళ్లీ కనిపెట్టాల్సి వస్తోంది, చాలామంది ఎఫ్‌సింక్ దగ్గర వదిలేస్తున్నారు. 3.14లో పాథ్‌లిబ్‌కు కాపీ, మూవ్ వచ్చాయి. వాటికన్నా ముందు ఇది రావాల్సింది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, శిక్షణ కేంద్రాల్లో పైథాన్ చెప్పేవారికి ఒక విన్నపం. ఫైలు పాఠంలో మొదటి ఉదాహరణ నుంచే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయించండి. 3.15 వచ్చినా పాత వెర్షన్లు ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడుస్తాయి. ఉదాహరణ ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టండి, వాటిలో ఐత్వం ఉన్నది కనీసం ఒకటి ఉండాలి. పిల్లలు రాసిన ప్రోగ్రాంను లినక్స్‌లో ఒకసారి, విండోస్‌లో ఒకసారి నడిపించండి. ఏదైనా తెలుగు పేరు దగ్గర లైబ్రరీ తప్పు చేస్తే పైథాన్ అభివృద్ధి బృందానికి రిపోర్టు పంపించండి. ఎవరైనా పంపొచ్చు. మన ఫైళ్లతో వచ్చే లోపాలు మనం చెబితేనే వాళ్లకు తెలుస్తాయి.